ఏడో నంబరు ప్రతి

నలభై ఆరేళ్ళ వయసులో పలక పట్టుకున్న మనిషిని చూసి లోకం రెండే మాటలంటుంది. మంచివాళ్ళయితే "భేష్" అంటారు, కానివాళ్ళయితే "ఇప్పుడెందుకమ్మా" అంటారు. గ్రంథాలయం మేడ మీద గదిలో వారానికి మూడు సాయంత్రాలు జరిగే పెద్దల చదువు తరగతికి ఇస్త్రీ అక్క వచ్చిన మొదటిరోజే రెండూ వినిపించాయి. రెండింటికీ ఆమె బదులు చెప్పలేదు. ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా అక్కడ ఉండుంటే ఈమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్ళు.

నోరంటే ఆ నోరు మరి. ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని. యంత్రాల హోరులో మాట వినపడాలంటే అరవాలి. అలా అరిచి అరిచి, ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దిగేది కాదు. నెత్తుటి మరకైనా మందు మరకైనా ఆమె చేతిలో పడితే ఆనవాలు మిగలదని అక్కడ పేరు. ఎవరికీ లొంగని దుప్పటి ఏదైనా ఉంటే మిగతావాళ్ళు దాన్ని ఆమె బల్ల మీదకు తోసేసి చేతులు దులుపుకునేవారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆమెకున్నది ఒక్కగానొక్క చెల్లెలు. పద్నాలుగేళ్ళు చిన్నది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక ఆ పిల్లను పెంచింది ఈమె, చదివించింది ఈమె. చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరింది. "ఊళ్ళో సగంమందికి అక్షరాలు కనిపించేలా చేస్తున్నాను, మా ఇంట్లో మనిషికే చేయలేకపోతున్నాను" అని తనే నవ్వేది. ఆ నవ్వు అక్కకు నచ్చేది కాదు, అయినా ఊరుకునేది. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో కలిసే ఉండేవారు.

శనివారం సాయంత్రాలు చెల్లెలు గ్రంథాలయంలో పుస్తక మండలికి వెళ్ళేది. ఆ మండలి పద్ధతేమిటో ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే కొంపముంచింది అదే. ఒకే పుస్తకం పది ప్రతులు ఉంటాయి, వాటి మీద ఒకటి నుంచి పది వరకు నంబర్లు. సభ్యులకూ అవే నంబర్లు. చెల్లెలిది ఏడు. చదువుతూ తోచిన మాట అంచుల్లో రాసుకోవచ్చు, కానీ పెన్సిల్‌తోనే రాయాలి. రెండు నెలలయ్యాక ఆ పది ప్రతులూ పెట్టెకెక్కి మరో శాఖకు వెళతాయి, అక్కణ్ణించి ఇంకో శాఖకు. అక్కడి ఏడో నంబరు మనిషి ఇక్కడి ఏడో నంబరు మనిషి రాసింది చదివి, కింద తన మాట తగిలిస్తాడు. ఒకరి మొహం ఒకరు చూడని ఆరుగురు ఒకే అంచులో పోట్లాడుకుంటారు, సమాధానపడతారు. ఏడాదికి పెట్టె సొంతగూటికి చేరుతుంది. అప్పుడు రబ్బరుతో అంతా తుడిచి, పుస్తకాలను మళ్ళీ తెల్లగా చేసి, కొత్తగా తిప్పుతారు.

ఒక శనివారం చెల్లెలు చెప్పులు వేసుకుంటూ అంది, "ఈసారి నువ్వూ రా అక్కా. చదవక్కర్లేదు. ఊరికే కూచుని విను. నీకు నచ్చుతుంది."

పన్నెండు గంటలు నిలబడి వచ్చిన ఒళ్ళు అక్కది. ఆమె అరిచిన అరుపుకు అంతకన్నా వేరే కారణం వెతకడం అనవసరం.

"మా అక్కకి అక్షరం ముక్క రాదని పదిమందికీ చూపించుకోవాలా? నా చేతుల తోలు ఊడితే వచ్చిందే నీ చదువు. ఆ చదువుతో నన్నే వెక్కిరిస్తున్నావు. పో, ఆ పుస్తకాల దగ్గరే ఉండు. నాకు చెల్లెలు లేదనుకుంటా."

ముందు మాటలన్నీ ఎలాగోలా సర్దుకునేవే. ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. చెల్లెలు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి "అక్కా" అని పిలవడం మానేసింది. "నీళ్ళొస్తున్నాయి", "తాళం గూట్లో ఉంది", ఇంతే. నాలుగు నెలలు గడిచాయి. పెద్దదాన్ని నేను, ముందు అదే రావాలి అని అక్క పట్టుబట్టుకు కూచుంది. అంత పెద్దరికం ఏం చేసుకుందామనుకుందో ఆమెకే తెలియాలి.

తర్వాత చెల్లెలికి జ్వరం వచ్చింది. మూడు రోజులు. మెదడుకు పాకిందన్నారు. అక్క పనిచేసే ఆసుపత్రిలోనే, బహుశా అక్క ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే, కళ్ళు తెరవకుండా పోయింది. మంచం పక్కన కూచుని ఆమె ఎన్నిసార్లు పిలిచిందో లెక్క లేదు. వినపడని మనిషితో రాజీ ఎలా పడతారు?

ఇంట్లో మిగిలిపోయిన గ్రంథాలయం పుస్తకాన్ని, నీలం అట్ట ఉన్నదాన్ని, ఇస్త్రీ అక్కే తీసుకెళ్ళి కౌంటరులో పడేసి వచ్చింది. దాని మొహం చూడబుద్ధి కాలేదు. పది రోజుల తర్వాత పోస్టు బాబాయి పలకరించడానికి ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, మండలిలో ఎనిమిదో నంబరు, చెల్లెలి పక్క కుర్చీ.

"మీ గురించి రాసుకుందమ్మా ఆ పుస్తకంలో," అన్నాడాయన, ఓదార్పుగానే. "అదీ అక్కాచెల్లెళ్ళ కథే. చెల్లెలు బయట నిలబడి ఉండగా అక్క తలుపు వేసేసుకునే చోటు ఒకటుంది. అక్కడ అంచు నిండా రాసింది. ఏం రాశావమ్మా అంటే, 'మా అక్క గురించి బాబాయ్' అని చెయ్యి అడ్డం పెట్టేసింది."

ఇస్త్రీ అక్క ఆయన దగ్గరకు జరిగింది. "ఎలా అంది? నవ్వుతూ అందా, కోపంగా అందా?"

ఆయన తల అడ్డంగా ఆడించాడు. "మొహం సరిగ్గా చూడలేదమ్మా."

పుస్తకం ఎక్కడుందని అడిగితే, పెట్టె వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చేది వచ్చే ఎండాకాలానికే అన్నాడు. రాగానే తాను చదివి వినిపిస్తానన్నాడు.

"వద్దు బాబాయ్. తిట్టి ఉంటే ఆ తిట్టు నాది, ఇంకొకరి నోట నేను వినలేను. తిట్టకపోయి ఉంటే అదీ నాదే. నేనే చదువుకుంటా. గ్రంథాలయం మేడమ్‌కి కూడా చెప్పకండి, నాకు సిగ్గు."

ఒకరి ఉత్తరం సంగతి ఇంకొకరికి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పని మనిషి ఆయన. ఈ మాటా అలాగే నిలబెట్టుకున్నాడు. కాస్త నోరు జారే మనిషయి ఉంటే ఎంత మేలు జరిగేదో.

అలా ఆమె మేడ మీద గదికి వచ్చింది. గ్రంథాలయం మేడమ్ ఓపిక గల మనిషి. నల్లబల్ల మీద రాసేది తనే, ఒక్కొక్కరి నోటు పుస్తకంలో పై వరస రాసిచ్చేదీ తనే. ఆవిడకు తలకట్టును అక్షరానికి అంటించే అలవాటు లేదు. కాస్త ఎత్తున, విడిగా, గాలికి లేచిన టోపీలా పెట్టేది. తరగతిలో అందరూ అక్షరమంటే అలాగే ఉంటుందనుకుని అలాగే దిద్దారు. ఇస్త్రీ అక్క వేళ్ళు వేడినీళ్ళకూ సబ్బుకూ బిరుసెక్కి పెన్సిల్ చుట్టూ వంగేవి కావు. దుప్పటి అంచులు మడిచే ఒడుపు ఇక్కడ పనికి రాలేదు. అయినా మానలేదు. అచ్చులయ్యాయి, హల్లులయ్యాయి, గుణింతాల దగ్గర మాత్రం రెండు నెలలు కూరుకుపోయింది. బస్సులో, లాండ్రీలో, నిద్రపట్టని మంచం మీద పెదవులు కదుపుతూనే ఉండేది. తోటివాళ్ళు జపం చేస్తోందనుకున్నారు.

ఒకరోజు వంటగదిలో డబ్బాల మీద చెల్లెలు అంటించిన చీటీలు చదవగలిగింది. చిన్న చిన్న అక్షరాలు, కుడిపక్కకు ఒరిగి, తలకట్లు ఒకదాన్నొకటి తగులుతూ. ఉప్పు. పంచదార. అక్క మాత్రలు. ఆ మూడో డబ్బా పట్టుకుని నేల మీద కూచుండిపోయింది. పదేళ్ళుగా రోజూ తెరిచే డబ్బా అది. దాని మీద తన పేరు ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

తరగతికి అరగంట ముందే వచ్చేది కనుక మేడమ్ ఆమెకు ఒక పని అప్పజెప్పింది. తిరిగొచ్చిన పెట్టెల్లోని పుస్తకాలు తుడిచే పని. "చదువొచ్చినవాళ్ళకి ఇది ఇస్తే ఒక్క పేజీకి గంట పడుతుంది, తుడవకుండా చదువుతూ కూచుంటారు" అని మేడమ్ నవ్వింది. నిజమే. మండలి సభ్యులు తుడిచిన పుస్తకాల్లో సగం రాతలు అలాగే మిగిలి ఉండేవి. ఇస్త్రీ అక్క చేతికి వచ్చాక ఆ బెడద తీరింది. కాగితం నలగకుండా ఒకే వైపుకు రబ్బరు, ఆపైన మడతపెట్టిన మెత్తని గుడ్డ. ఇంత మంచి చెయ్యి ఈ గ్రంథాలయానికి ఎన్నడూ దొరకలేదని మేడమ్ అందరి ముందూ అంది. అంకెలు ఆమెకు ముందు నుంచీ వచ్చు, దుప్పట్ల మీద వార్డు నంబర్లు చూసి చూసి. ప్రతి పెట్టెలోనూ ఏడో నంబరు ప్రతి ఒకటి ఉండేది. అది చేతికొచ్చినప్పుడల్లా, చెల్లెలి నంబరు కదా అని, మిగతా వాటికన్నా ఇంకాస్త శ్రద్ధగా తుడిచేది. తన నీలం అట్ట పుస్తకం ఎండాకాలానికి వస్తుంది, అప్పటికి చదువొస్తుంది అనుకుంటూ తుడిచేది.

తొమ్మిదో నెలకు చిన్నపిల్లల కథ ఒకటి మొదటి నుంచి చివరిదాకా తడుముకోకుండా చదివింది. ఆ శనివారం పోస్టు బాబాయి ఆమెను మండలికి తీసుకొచ్చాడు. ఆమె చెల్లెలి కుర్చీలో కాకుండా గోడవారన కూచుంది. చర్చ అయ్యాక బాబాయి మామూలుగా అడిగినట్టు అడిగాడు, "ఆ అక్కాచెల్లెళ్ళ పుస్తకం పెట్టె ఎప్పుడొస్తుంది మేడమ్?"

"అదా, వానాకాలంలోనే వచ్చేసింది కదా. రెండో శాఖలో కప్పు కారి పెట్టె తడిస్తే, అట్టలు పోయాయని గోధుమరంగు అట్టలు వేసి వెనక్కి పంపేశారు. ఇక తిప్పలేదు." మేడమ్ గోడవారకు చూసి సంతోషంగా అంది, "మన ఇస్త్రీ అక్కే తుడిచింది. ఎన్ని రాతలో. కొత్త పుస్తకాల్లా చేసి పెట్టింది."

ఇస్త్రీ అక్క లేచి నిలబడింది. వానాకాలంలో వచ్చిన గోధుమరంగు అట్టల పెట్టె ఆమెకు గుర్తుంది. అప్పటికి ఆమెకు గుణింతాలు కూడా పూర్తి కాలేదు.

మేడమ్ బీరువాలోంచి ఏడో నంబరు ప్రతి తీసి ఇచ్చింది. ఏం జరుగుతోందో ఆవిడకు ఇంకా తెలియదు. బాబాయి ఆ చోటు వెతికి పెట్టాడు. ఇస్త్రీ అక్క అచ్చు అక్షరాలు చదివింది, కూడబలుక్కుంటూ, పైకే. చెల్లెలు బయట నిలబడి ఉంది. అక్క తలుపు వేసింది. చుట్టూ అంచులు తెల్లగా ఉన్నాయి. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుగుకు ఎత్తి చూసింది. ఏటవాలుగా పెట్టి చూసింది. వేలితో తడిమింది. గీత లేదు, గీత పడిన గాడి కూడా లేదు. ఇరవై రెండేళ్ళ పనితనం కదా.

ఆమె ఏడవలేదు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "బాగా తుడిచాను," అని వెళ్ళిపోయింది.

వెనక పోస్టు బాబాయి మేడమ్‌కు అంతా చెప్పాడు, చెప్పాల్సిన రోజు దాటిపోయిన తొమ్మిది నెలలకు.

రెండు వారాలు ఆమె తరగతికి రాలేదు. లాండ్రీలో దుప్పట్లు ఉతికింది, కానీ మరకలున్నవి పక్కకు నెట్టేసింది. ఎవరైనా అడిగితే "వదలదు" అనేది. చెల్లెలు తిట్టి ఉంటుందని ఒక పూట, తిట్టలేదని ఒక పూట. ముందయితే తెలియదన్న బాధ ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఇక ఎప్పటికీ తెలియదు, ఆ పని చేసింది తన చెయ్యే. చెల్లెలు లేదనుకుంటానని అన్నదీ తనే, చెల్లెలి ఆఖరి మాట లేకుండా చేసిందీ తనే. ఎవరిని తిట్టుకోవాలి? దేవుణ్ణి తిట్టడానికి కూడా సందు లేదు.

మూడో శనివారం పోస్టు బాబాయి ఇంటికొచ్చి, మేడమ్ తప్పకుండా రమ్మందని బతిమాలి తీసుకెళ్ళాడు. మండలి వాళ్ళంతా ఉన్నారు. మేడమ్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర ఉన్నట్టు లేదు.

"ఒకటి మిగిలింది," అంది మేడమ్ తొందరగా. "వానకి తడిసి రెండు పేజీలు అతుక్కుపోయాయి. నిన్న మెల్లిగా విడదీశాను. మీ రబ్బరు దాకా రాలేదు. ఆ తలుపు చోటు కాదు, దాని తర్వాతది. నేను చదవలేదు. మీరే చదవండి."

ఇస్త్రీ అక్కకు చెల్లెలి కుర్చీయే దగ్గరగా ఉంటే అందులో కూలబడింది. మేడమ్ పుస్తకం తెరిచి ముందు పెట్టింది. పెన్సిల్ రాత, నాలుగు వరసలు, కుడిపక్కకు ఒరిగి ఉంది. ఆమె వేలు పెట్టి మొదలుపెట్టింది.

"మా అక్క కూడా ఇంతే. తలుపు వేసుకుంటుంది కానీ గడియ పెట్టదు. నాకు తన మీద కోపం లేదు. ముందుగా పలకరించడానికి మొహం చెల్లడం లేదు, అంతే."

పోస్టు బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరో ముక్కు చీదారు. తొమ్మిది నెలలుగా ఆమె ఏ మాటకోసం బతికిందో అచ్చంగా ఆ మాటే అక్కడ ఉంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, ఆమె గుండె మీది బరువు దిగింది.

అప్పుడు ఆమె రెండోసారి చదివింది, ఈసారి మనసులో. అక్షరాలు ఒరిగి ఉన్నాయి. హాజరు పట్టీలో చెల్లెలి సంతకం చూసి ఎవరో కష్టపడి ఒరిగించినట్టున్నారు. కానీ తలకట్లు ఒకదాన్నొకటి తగలడం లేదు. ఒక్కొక్కటీ కాస్త ఎత్తున, విడిగా, గాలికి లేచినట్టు ఉంది. లోకంలో ఆమె క్షుణ్ణంగా ఎరిగిన చేతిరాతలు రెండే. ఒకటి వంటింటి డబ్బాల మీద ఉంది. రెండోది చూసి చూసే ఆమె అక్షరాలు నేర్చుకుంది.

తలెత్తి చూసింది. మేడమ్ తన రెండు చేతులూ గట్టిగా కలిపి పట్టుకుని నిలబడి ఉంది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా, భయంగా, ఆశగా. నోటి చివరిదాకా వచ్చింది మాట. పాత రోజులయితే ఆ గది కప్పు ఎగిరిపోయేది. ఆ నోటితోనే ఒక మనిషిని పోగొట్టుకున్నాను కదా అనుకుంది. మాటను మింగింది.

"మీ చెల్లెలి రాతేనా? పోల్చుకోగలిగారా?" మేడమ్ మెల్లిగా అడిగింది.

"ఆఁ. దానిదే."

మేడమ్ ఏడ్చేసింది. మండలి వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇస్త్రీ అక్క భుజం తట్టారు. మీ చెల్లెలు ఎంత మంచిదో అన్నారు. ఆ పుస్తకం ఇక మీదే, ఇంటికి తీసుకెళ్ళండి అని మేడమ్ సంచిలో పెట్టి ఇచ్చింది. అందరి మనసులూ కుదుటపడ్డాయి. ఆమె అందరికీ దండం పెట్టి మెట్లు దిగింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది. కిందటేడు ఇదే రాత ఎవరైనా చూపించి, ఇది నీ చెల్లెలు రాసింది, నీ మీద కోపం లేదట అని చదివి చెప్పి ఉంటే నమ్మేది. గుండెలకు హత్తుకుని, మిగతా బతుకంతా దాని మీదే బతికేసేది. ఇప్పుడు కళ్ళు సగం మూసి, ఆ నాలుగు వరసలను ఒకప్పుడు చూసినట్టు ఒట్టి గీతల్లా చూడాలని ప్రయత్నించింది. పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. దూరంగా పెట్టి చూసింది. ఎలా చూసినా అవి అక్షరాలే, ఎలా చూసినా అది మేడమ్ చెయ్యే. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.